గొట్టంలో కంబళి ముక్క

ఆ ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, గువ్వలచెరువు ఘాటు మొదట్లో, కడప వైపున, ఉన్నవి ఇవి.

తెల్లరంగు కారు ఒకటి. పదిహేను వందల సీసీ పెట్రోలు ఇంజను, వయసు నాకంటే ఏడేళ్లు ఎక్కువ. దాని బానెట్ కింద ఒక కార్బురేటరు, ఆ కార్బురేటరుకు మేం కొత్తగా తగిలించిన టర్బో. వెనక కాలేజీ బస్సు, అందులో ఫైనలియర్ విద్యార్థులు ఇరవై ఇద్దరు. నీళ్ల క్యాన్లు నాలుగు. మంటలార్పే సిలిండరు ఒకటి. డాష్‌బోర్డు మీద మీటర్ల వైపు తిప్పి బిగించిన నా సెల్‌ఫోను, వీడియో తీస్తూ. యాభై కిలోల సిమెంటు బస్తా ఒకటి. అది ఐదో మనిషికి బదులు. మిగతా నలుగురు మనుషులు: కారు సొంతదారు, అంటే మా కాలేజీ కరస్పాండెంటు, మెకానికల్ విభాగం హెడ్ మేడం, వర్క్‌షాపులో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక పాత కార్బురేటరు మేస్త్రీ, స్టీరింగు దగ్గర నేను. నా ఒడిలో అట్టకు క్లిప్పు పెట్టిన జాబితా. నలభై మూడు అంశాలు, నలభై మూడు టిక్కులు.

ఇవి కాక ఆ కారులో ఇంకో రెండు వస్తువులు ఉన్నాయి. అవి జాబితాలో లేవు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేది మామూలుగా రిటైరైన పెద్దలు. నాకు ముప్పై రెండేళ్లు. ఆ కాలేజీ వదిలి ఇప్పుడు ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో పనిచేస్తున్నాను. ఈమధ్య పాత కాలేజీకి మాట్లాడడానికి పిలిస్తే వెళ్లాను. ఒక విద్యార్థిని లేచి, మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి సార్ అని అడిగింది. టైము లేదని ఆమెకు సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మిగతా సగమే ముఖ్యం.

అది కడప బయట ఒక ప్రైవేటు పాలిటెక్నిక్. నేను ల్యాబు ఇన్‌స్ట్రక్టరును. కరస్పాండెంటు బనగానపల్లె వైపు మామిడి తోటల మనిషి. వాళ్ల నాయన కాలం నాటి కారు కాలేజీ షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉండేది. ఈ కాలపు కార్లలో అన్నీ కంప్యూటరు చూసుకుంటుంది, పిల్లలకు కంటికి కనపడేది ఏమీ ఉండదు. ఆ పాత ఇంజనుకు టర్బో పెట్టిస్తే గాలి ఎటు పోతుందో, పెట్రోలు ఎందుకు లేస్తుందో చేత్తో తాకి చూపించొచ్చు అని మేడం ఆలోచన. దానికి కార్బురేటరు తెలిసిన మనిషి కావాలి. నాకు తెలిసింది పుస్తకంలో బొమ్మ మాత్రమే. అలా మేడం ఆ మేస్త్రీని ఆరు నెలల కాంట్రాక్టు మీద తీసుకొచ్చారు.

కడపలో అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ముప్పై ఏళ్లు ఆయన షెడ్డు ముందు కార్లు వరుసలో నిలబడేవట. కార్బురేటరు కార్లు రోడ్డు మీద నుంచి పోయాయి, తర్వాత మోటారు సైకిళ్లకు కూడా కార్బురేటరు పోయింది, షెడ్డు మూతపడింది. రెండేళ్లుగా తన దగ్గర పని నేర్చుకున్న వాళ్ల షెడ్లకే పోయి స్టూలు మీద కూర్చునేవాడు.

"బాగా చూస్తారప్పా," అన్నాడు ఒకసారి నాతో. "ఉస్తాద్ వచ్చినాడని లేచి నిలబడతారు. టీ తెప్పిస్తారు. పని మాత్రం ఇయ్యరు."

ఆయన చదువు ఐదో తరగతి. కాంట్రాక్టు అయిపోవస్తుంటే మేడం పోయి, ఈయన్ని వర్క్‌షాపులో రెగ్యులరుగా తీసుకుందామని కరస్పాండెంటును అడిగారు. ఆయన నన్నూ ఉస్తాద్‌నూ కూడా గదిలోకి పిలిచాడు.

"సర్టిఫికెట్ లేనోనికి పోస్టు ఎట్ల ఇచ్చేది మేడం? రేపు ఇంకో పది మంది వస్తారు." కొంచెం ఆలోచించి నవ్వాడు. "మా నాయన ఐదుగుర్ని ఎక్కించుకొని గువ్వలచెరువు ఘాటు ఎక్కితే, మూడో మలుపులో ఈ బండి నిలబడిపోతాండె. నీళ్లు కాగిపోతాయి. మేమంతా దిగి నడుస్తాంటిమి, ఆయప్ప టైరు వెనక రాయి పెట్టుకొని కూర్చుంటాండె. ఐదుగురితో ఆగకుండా ఎక్కించండి. అదే ఉస్తాద్ సర్టిఫికెట్ అనుకుందాం. ఆగిందా, నన్ను మళ్లీ అడగొద్దు."

షరతు అదీ. ఆగకూడదు. ఆ ఒక్క మాట నా తలలో ఎంత గట్టిగా నాటుకుందో తర్వాత తెలిసింది.

కార్బురేటరును చూడని వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి కొంచెం చెప్పాలి. అది లోటా అంత ఉంటుంది. పక్కన ఒక గిన్నె, గిన్నెలో పెట్రోలు, దాని మీద తేలే ఇత్తడి బుడ్డి. ఇంజను గాలిని పీల్చినప్పుడు గిన్నెలోని పెట్రోలు సన్నగా లేచి ఆ గాలిలో కలుస్తుంది. గిన్నె పైభాగాన చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి గాలి ఒత్తిడి పెట్రోలు మీద పడితేనే పెట్రోలు లేస్తుంది. టర్బో వచ్చి ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. బయటికి పోయే పొగతో ఒక చక్రం తిరిగి, దానితోపాటు తిరిగే ఇంకో చక్రం గాలిని లోపలికి నెడుతుంది. ఇక ఇంజను పీల్చడం కాదు, దానికి గాలిని దట్టించడం.

ఉస్తాద్ మొదటి రోజే అన్నాడు. "దీనికి పీల్చుకునేదే అలవాటప్పా. ఎవరో వెనకనుంచి తోస్తే బెదురుతాది."

నిజంగానే బెదురుతుంది. పైనుంచి గాలిని నెట్టినప్పుడు గిన్నెలోకి కూడా అంతే ఒత్తిడి అందాలి. అందకపోతే పెట్రోలు సరిగా లేవదు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన ఆ మిశ్రమం మండితే వచ్చే వేడికి పిస్టను కరుగుతుంది. అందుకని టర్బో గాలి వచ్చే పెట్టె నుంచి గిన్నె రంధ్రానికి చిటికెన వేలంత రబ్బరు గొట్టం ఒకటి వేశాం. నా జాబితాలో అది పదిహేడో అంశం.

జాబితాను చూస్తే ఉస్తాద్‌కు నవ్వు. "పెండ్లికి సరుకుల చీటీ రాసినట్ల రాస్తాండావే. అయినా ఉప్పు మరిచిపోతావు చూడు," అనేవాడు. కానీ ఆ జాబితాలో పన్నెండు అంశాలు ఆయన చెప్పినవే. ఇత్తడి బుడ్డి బోలుగా ఉంటుంది కదా, టర్బో ఒత్తిడికి నొక్కుకుపోతే ఎట్ల అని అడిగింది ఆయన. కాగిన నీళ్లలో ముంచి, బుడగలు వస్తాయేమోనని మా విద్యార్థుల ముందు చూపించింది ఆయన. కార్బురేటరు ఇరుసు పక్కనుంచి గాలి కారకుండా తోలు వాషరు కోసి వేసింది ఆయన. నేను చేసింది లెక్కలు. ఇంజను మూతకింద మందం రేకు వేసి లోపలి ఒత్తిడి తగ్గించాం, పెట్రోలు పంపు మార్చాం, కర్నూలు పాతసామాన్ల అంగడిలో దొరికిన ఒక చిన్న డీజిల్ కారు టర్బోకు నూనె గొట్టాలు వేశాం. మిశ్రమం ఎంత పలచబడిందో చూపే మీటరు ఒకటి ఉంటుంది. అది మా బడ్జెట్‌లో లేదు. దానికి బదులు ఉస్తాద్ చెవులు ఉన్నాయి అనుకున్నాం. అనుకున్నాను అని రాయాలి.

మూడు వారాలు రోజూ సాయంత్రం ఎర్రగుంట్ల రోడ్డు మీద కారు నడిపాం. సిమెంటు లారీల రోడ్డు అది. చెట్ల ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి. కారు ఎప్పుడూ మొరాయించలేదు. మూడో వారంలో టర్బో నుంచి కార్బురేటరుకు వచ్చే పెద్ద గాలి గొట్టం విప్పితే లోపల వేలికి నూనె తగిలింది. నేను నోటుబుక్కులో రాశాను: 'కొద్దిగా నూనె. పాత టర్బో. సహజం.' ఆ మూడు మాటల నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మీలో ఎవరైనా ఎప్పుడైనా 'సహజం' అని రాయబోతే కాసేపు పెన్ను కింద పెట్టండి.

ఇక ఆ ఉదయం.

కరస్పాండెంటు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు, ఇటు మేడం, మధ్యలో సిమెంటు బస్తా. "ఈయప్ప మాట్లాడడు, మంచి ప్యాసింజరు," అన్నాడు బస్తా మీద చెయ్యి వేసి. పైన గువ్వలచెరువులో పాలకోవా తన ఖర్చని, మధ్యలో ఆగితే మా ఖర్చని కూడా చెప్పాడు. ఉస్తాద్ నా పక్కన. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పనిముట్ల డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించి పెట్టాడు. ఆయన చెవితోనే కాదు, అరచేత్తో కూడా వింటాడు.

మొదటి రెండు మలుపులు కారు ఎక్కిన తీరు నాకు ఇప్పటికీ గర్వం. మూడో గేరులోనే, ముక్కుతూ పోతున్న లోడు లారీలను దాటుకుంటూ, టర్బో సన్నటి కూతతో పోయింది. మూడో మలుపు దాటగానే కరస్పాండెంటు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. వాళ్ల నాయన రాయి పెట్టుకుని కూర్చున్న చోటు అదే. సీట్లో వెనక్కి ఆనుకున్నాడు.

ఐదో మలుపులో ఉస్తాద్ నా వైపు ఒంగి, వెనక వాళ్లకు వినపడనంత మెల్లగా అన్నాడు:

"అప్పా, కూత మారింది. ఆపు."

నేను మీటర్లు చూశాను. వేడి సరిగానే ఉంది. టర్బో ఒత్తిడి ఎంత ఉండాలో అంతే ఉంది. నాకు చెవిలో తేడా ఏమీ తెలియలేదు.

"ఇంకో నాలుగు మలుపులే, ఉస్తాద్."

"మలుపుల లెక్క కాదప్పా. ఆపు."

నేను అప్పుడు ఏం అనుకున్నానో దాచకుండా చెప్పాలి. ఈ పెద్దాయన భయపడుతున్నాడు అనుకున్నాను. ఆపితే తన పోస్టు పోతుందని ఈ క్షణంలో మరిచిపోయాడు, నేను మరిచిపోకూడదు అనుకున్నాను. ఆయన మేలు కోసమే ఆయన మాట వినలేదు. కాలు అలాగే తొక్కి ఉంచాను.

ఉస్తాద్ మూడోసారి చెప్పలేదు. డాష్‌బోర్డు మీద నుంచి చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన చప్పుడు నాకూ వినిపించింది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. అద్దంలో వెనక నీలం పొగ. కాలు తీశాను కానీ అప్పటికే నాలుగు సిలిండర్ల ఇంజను మూడు కాళ్ల మీద కుంటుతోంది. రోడ్డు వారకు తీసుకునే లోపలే ఆగిపోయింది.

అందరికంటే ముందు ఉస్తాద్ దిగాడు. రోడ్డు పక్కనుంచి ఒక రాయి తెచ్చి వెనక టైరుకు అడ్డం పెట్టాడు. కరస్పాండెంటు ఆ రాయినే చూస్తూ నిలబడి, "మా నాయన కంటే రెండు మలుపులు ఎక్కువ," అన్నాడు. కోపంగా అనలేదు. అదే నాకు కష్టంగా తోచింది. కోవా ఎవరూ తినలేదు. విద్యార్థులను బస్సులో వెనక్కి పంపి, కారును తాడు కట్టి కిందికి దించాం.

మరుసటి రోజు వర్క్‌షాపులో ఇంజను విప్పాం. మూడో పిస్టను అంచు కొరికి తిన్న జామకాయలా ఉంది. పలచని మిశ్రమం తప్ప వేరే కారణం ఉండదు. నేను జాబితా పట్టుకుని ఒకటో అంశం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పెట్రోలు పంపు బాగానే ఉంది. పెట్రోలు లేచే సన్న రంధ్రాలు, అంటే జెట్లు, శుభ్రంగా ఉన్నాయి. బుడ్డి నొక్కుకోలేదు. పదిహేడు: గిన్నె గాలి గొట్టం తగిలించి ఉందా? ఉంది. పద్దెనిమిది చదవబోతుంటే ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆయన ఆ గొట్టం ఊడదీసి, సన్నటి తీగ కొనను కొక్కెంలా వంచి, లోపలికి పెట్టి లాగాడు. గోలీ అంత నల్లటి ముద్ద బయటికి వచ్చింది. నూనెలో నాని, సిమెంటు పొడి పట్టి, గట్టిగా బిగుసుకుపోయి ఉంది. బల్ల మీద పెట్టాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇది నాదే," అన్నాడు.

అది కంబళి ముక్క. గొర్రెల కాపరులు కప్పుకునే నల్ల ఉన్ని కంబళి. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ములో తిరిగే కార్లకు గిన్నె రంధ్రంలోకి పొడి పోకుండా ఇక్కడి పాత మేస్త్రీలు చిన్న కంబళి ముక్క పెట్టేవాళ్లట. ఉన్ని గాలిని పోనిస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది. ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ నేర్పాడు. పీల్చుకునే ఇంజనులో దానివల్ల మేలే తప్ప కీడు లేదు. ఆ ముక్కల వల్ల ఎన్ని కార్బురేటర్లు పూడిపోకుండా బతికాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఎప్పుడు పెట్టావని అడిగాను. నేను కర్నూలు పోయిన రోజు, రోడ్డు మీద మొదటి వారం పరీక్షలు అయ్యాక అని చెప్పాడు. నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు కొంచెం పెద్దదైంది.

"చెప్పేదేముండాదప్పా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పొద్దున్నే తల దువ్వుకుంటి అని ఎవరికన్నా చెప్తామా? ముప్పై ఏండ్లుగా పెడతాండా. చెయ్యి దానంతట అదే పెడతాది."

తల ఎత్తకుండా, "ఇంకోటి ఉండాది," అన్నాడు.

రెండోది ఇంజను ఊపిరి గొట్టంలో ఉంది. ఇంజను అడుగున నూనె ఉండే చోట పేరుకునే ఆవిరి బయటికి పోయే దారి అది. దాన్ని చూడగానే నాకు మొత్తం బొమ్మ కట్టింది. నూనె ఆవిరికి తడిసి ముక్క బిగుసుకుని ఆ దారి మూసుకుపోతే ఇంజను అడుగున ఒత్తిడి పెరుగుతుంది. టర్బో నుంచి దిగాల్సిన నూనె దిగలేక గాలి వైపు కారుతుంది. నేను సహజం అని రాసిన నూనె అదే. ఆ నూనె గాలితోపాటు వచ్చి మొదటి ముక్కలోకి ఇంకింది. సన్నటి సిమెంటు పొడి దాని మీద అంటుకుంది. గాలిని పోనిచ్చే ఉన్ని బిరడా అయిపోయింది. చదును రోడ్డు మీద టర్బో ఒకటి రెండు నిమిషాలే పనిచేస్తుంది కాబట్టి బయటపడలేదు. ఘాటులో వదలకుండా తొక్కాం. గిన్నెకు ఊపిరి ఆడలేదు.

"తగిలించి ఉందా" అని అడిగింది నా జాబితా. "లోపల ఏముంది" అని అడగలేదు. ఆయన చెప్పినట్టే, సరుకుల చీటీలో ఉప్పు మరిచిపోయాను.

ఇంతవరకే ఆ విద్యార్థినికి చెప్పాను. ఇక్కడి నుంచి మిగతా సగం.

ఆ సాయంత్రం నేను నాలుగు పేజీల నివేదిక రాశాను. కారణాలు వరుసగా: కంబళి ముక్కలు రెండు, జాబితాలో లోపం, నూనెను పట్టించుకోకపోవడం. అన్నీ నిజాలే. అది ఇవ్వకముందే ఉస్తాద్ తనంతట తానే కరస్పాండెంటు గదికి పోయి, తప్పు నాది, ఇంజనీరప్పకు ఏం సంబంధం లేదు, కాంట్రాక్టు అయిపోయినాక పోతాను అని చెప్పి వచ్చాడట. మేడం చెప్పారు. ఆపమని తాను చెప్పిన సంగతి మాత్రం ఆయన ఎవరితోనూ అనలేదు. నా నివేదికలో కూడా లేదు. అబద్ధం రాయలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

టర్బో ఒత్తిడి అంకెలు ఎక్కించడానికి సెల్‌ఫోనులోని వీడియో తెరిచాను. ఫోను ఉన్నది డాష్‌బోర్డు మీద, ఉస్తాద్ అరచేతి పక్కనే. కూత, గాలి, లారీ హారను, వాటి మధ్య స్పష్టంగా ఆయన గొంతు. అప్పా, కూత మారింది. ఆపు. తర్వాత నా గొంతు. తర్వాత మళ్లీ ఆయన. తర్వాత తెర మీద నుంచి వెళ్లిపోయిన ఒక చెయ్యి. అక్కడి నుంచి మీటరు ముళ్లు మాత్రమే, కదలకుండా. ఆయన మొదటి 'ఆపు' నుంచి నేను కాలు తీసేదాకా సెకన్లు లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. ఆయన మొదటిసారి చెప్పినప్పుడే ఆపి ఉంటే పిస్టను దక్కేది. గొట్టం విప్పి, ముక్క తీసి పారేసి, పావుగంటలో మళ్లీ బయలుదేరేవాళ్లం.

పొద్దున్నే ఆ వీడియో మేడం బల్ల మీద పెట్టాను. ఆమె రెండుసార్లు విన్నారు. కర్నూలు మనిషి, మాట తక్కువ. "ఇది నివేదికలో యాడుంది?" అన్నారు. లేదన్నాను. రాసి తెమ్మన్నారు. ఐదో పేజీ రాసుకుని వచ్చాను. ఉస్తాద్‌ను కూడా పిలుచుకుని ముగ్గురం కరస్పాండెంటు గదికి పోయాం. ఆయన వీడియో విని, కళ్లజోడు తీసి, నన్ను కాదు, ఉస్తాద్‌ను చూశాడు.

"ఆగితే పోస్టు పోతాదని తెలుసు కదా నీకు?"

"తెలుసు సామీ."

"మరి ఎందుకు ఆపమంటివి?"

ఉస్తాద్‌కు ఆ ప్రశ్న అర్థం కానట్టే ఉంది. "నా పోస్టు సంగతి ఇంజనుకు ఏం తెలుసు సామీ? అది అరుస్తాంటే ఆపల్ల గదా."

అప్పుడు మేడం అన్నారు: "వర్క్‌షాపులో పిల్లలు తిరిగే మిషన్ల ముందర నిలబడతారు సార్. తనకు నష్టమైనా ఆపమని చెప్పే మనిషి నాకు ఒకరు కావాల." తర్వాత నా వైపు తిరిగి, "వినేటోళ్లను నేను తయారు చేసుకుంటా," అన్నారు.

కరస్పాండెంటు పేపర్‌వెయిట్ ఇటు తిప్పి అటు తిప్పి, షరతు షరతేనని, షరతులో ఓడిపోయినారని, కాబట్టి ఘాటు ఎక్కినందుకు పోస్టు ఇవ్వడం లేదని చెప్పాడు. "మేడం అడిగినారని ఇస్తాండా. ఏడాదికొకసారి చూసుకొని పొడిగిస్తాం. ఇంకోమాట ఉస్తాద్, కంబళి కప్పుకో, బండికి మాత్రం కప్పొద్దు." ఉస్తాద్ నవ్వాడు. ఘాటు తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. నాకు శిక్ష ఏమీ వేయలేదు. పిస్టను మార్చే పని మాత్రం ఎవరూ చెప్పకుండానే నేనే పెట్టుకున్నాను.

జాబితాకు రెండు అంశాలు కలిపాను. నలభై నాలుగు: ప్రతి గొట్టం విప్పి లోపల చూడాలి; మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని, అడగకపోతే చెప్పని అలవాట్లు ఏమున్నాయో అడగాలి. నలభై ఐదు: పక్కవాళ్లు ఆపమన్నారా? ఆ మాటకు కాలు తీయడానికి పట్టిన సమయం ఎంత? దానికి ఎదురుగా ఒక గడి. మీ జాబితాల్లో కూడా ఆ గడి పెట్టుకోండి. మీటరు కొనడానికి బడ్జెట్ ఉన్నా సరే.

మామిడి కాయలు కోతకొచ్చే రోజుల్లో మళ్లీ ఘాటుకు పోయాం. అదే కారు, అదే నలుగురు, ఇంకో సిమెంటు బస్తా, డాష్‌బోర్డు మీద అదే ఫోను. ఈసారి షరతు ఏమీ లేదు. కంబళి ముక్కలూ లేవు; నేను చూశాను, ఉస్తాద్ చూశాడు, మేడం కూడా టార్చి వేసి చూశారు. ఇంజను బాగా లాగింది. సరిగ్గా ఐదో మలుపులో ఉస్తాద్, డాష్‌బోర్డు మీద చెయ్యి అలాగే ఉంచి, మెల్లగా "ఆపు" అన్నాడు.

ఆపాను. రోడ్డు వారకు తీసి, గేరు తీసి, బ్రేకు వేసి, ఆయన వైపు చూశాను.

"ఏమైందప్పా?" అన్నాడు కరస్పాండెంటు వెనకనుంచి.

"ఏమీ కాలేదు సామీ," అన్నాడు ఉస్తాద్. "బ్రేకులు పనిచేస్తాండాయా లేదా అని."

మేడం కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నారు. కారు మళ్లీ కదిలింది. పైన కోవా కరస్పాండెంటు ఖర్చే. సాయంత్రం వీడియో చూసి, నలభై ఐదో అంశం ఎదురుగా గడి నింపాను. ఆ కాగితం ఇప్పటికీ ఆ వర్క్‌షాపు గోడ మీద ఉంది. గడిలో రెండు అంకెలు ఉన్నాయి.

మొదటిసారి, నలభై ఎనిమిది సెకన్లు. రెండోసారి, రెండు.